లింబాద్రి నమ్మని ఫ్రీ వీసా

లింబాద్రి ఏ మాటనూ విన్నది విన్నట్టు నమ్మే మనిషి కాదు. ఏసీల పని చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. గ్యాసు పైపుకు అతుకు వేశాక దాని మీద సబ్బు నురగ పూసి, రెప్ప వేయకుండా కాసేపు చూస్తారు. చిన్న బుడగ లేచినా అక్కడ లీకు ఉన్నట్టే. సౌదీలో ఏళ్ల తరబడి ఆ పని చేసీ చేసీ, లింబాద్రి మనుషుల మాటలకు కూడా నురగ పూయడం నేర్చుకున్నాడు. మెస్సులో కోడికూర అంటే ఎప్పటి కోడి అని అడుగుతాడు. ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే ముందు జేబు తడుముకుని తర్వాత నవ్వుతాడు. రూంలో వాళ్లు ఆయనకు సీఐడీ లింబన్న అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది ఎవరో కూడా ఆయన ఆరా తీసి కనిపెట్టాడు.

అలాంటి మనిషికి ఒక శుక్రవారం మధ్యాహ్నం కూతురు కావ్య ఫోన్ చేసింది. హైదరాబాదులో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసిన పిల్ల. పైచదువుకు విదేశం పోతానని ఏడాదిగా అంటోంది. ఇంగ్లీషు పరీక్ష రాసింది, లెక్చరర్ల వెంట పడి సిఫారసు లెటర్లు తెచ్చుకుంది, రూంమేట్లను బయటికి తోలి కంప్యూటర్‌లో ఇంటర్వ్యూలు ఇచ్చింది. ఏ దేశమని లింబాద్రి ఎప్పుడడిగినా, "రానీ బాపూ, అచ్చినంక చెప్త" అనేది. జర్మనీయో మరేదో అయి ఉంటుందని ఆయన లోలోపల అనుకుని, జర్మనీలో చలి ఎంత ఉంటుందో యూట్యూబులో చూసి పెట్టుకున్నాడు.

"సీటు అచ్చింది బాపూ!" అంది కావ్య. సంతోషంతో గొంతు కీచుమంది.

"ఏ దేశం బిడ్డా?"

"నువ్వున్న దేశమే. సౌదీ."

లింబాద్రి పకపకా నవ్వాడు. పిల్ల ఆట పట్టిస్తోంది అనుకున్నాడు. అవతల నవ్వు లేదు. ఎర్ర సముద్రం ఒడ్డున పెద్ద యూనివర్సిటీ ఉందట, ప్రపంచంలో అన్ని దేశాల పిల్లలూ అక్కడికొచ్చి చదువుతారట, సముద్రం నీళ్లను తాగే నీళ్లుగా చేసే చదువులో తనను తీసుకున్నారట. ఆ ఊరి పేరు చెప్పింది. ఆయన ఉండే యాన్బు నుంచి జెడ్డా పోయే రోడ్డు మీదే ఉంది. లింబాద్రి ఆ దారిలో బస్సులో ఎన్నోసార్లు పోయాడు. ఆ ఊరి బోర్డు చూశాడు కూడా. అక్కడ చదువు ఉంటుందని ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

"వీసాకు ఎంతడుగుతున్నరు?" అన్నాడు నెమ్మదిగా.

"ఏం లేదు బాపూ. వీసా ఫ్రీ."

పడుకుని మాట్లాడుతున్న లింబాద్రి చటుక్కున లేచి కూర్చున్నాడు.

గల్ఫు ముఖం చూడని వాళ్లకు ఆ రెండు మాటల్లో తప్పేమీ కనిపించదు. వీసా ఫ్రీ అంటే పైసా తీసుకోకుండా ఇచ్చారనే కదా. కానీ భీంగల్ నుంచి జగిత్యాల దాకా ఏ గల్ఫు మనిషి చెవిలోనైనా 'ఫ్రీ వీసా' అని చూడండి, మంచి నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. వాళ్ల భాషలో ఫ్రీ వీసా ఉచితంగా వచ్చేది కాదు, పొలం తాకట్టు పెట్టి కొనుక్కునేది. కాగితం మీద ఎవడో ఒక కఫీల్ ఉంటాడు. నిన్ను రప్పించిన యజమాని అన్నమాట. ఆయన దగ్గర పని ఉండదు. ఎక్కడ దొరికితే అక్కడ చేసుకో, నువ్వు ఫ్రీ, అంటాడు ఏజెంటు. దాన్నే ఆజాద్ వీసా అని కూడా ముద్దుగా పిలుస్తారు.

ఆ ఆజాదీ రుచి లింబాద్రికి బాగా తెలుసు. పెళ్లయిన ఏడాదికే ఆ వీసా మీద సౌదీలోని ఖోబర్‌లో దిగాడు. విమానాశ్రయంలోనే కఫీల్ మనిషి వచ్చి పాస్‌పోర్టు పట్టుకుపోయాడు. ఏటేటా కఫీల్ వాటా కట్టాలి. ఒక ఏడు పని దొరక్క కట్టలేకపోయాడు. కఫీల్ నీళ్లు తాగినంత సులువుగా వెళ్లి, వీడు నా దగ్గర్నుంచి పారిపోయాడని రాయించాడు. హురూబ్ అంటారు దాన్ని. ఆ ముద్ర పడ్డవాడు ఉండటానికి లేదు, పోవటానికి లేదు. దేశం దాటనిచ్చే ఎగ్జిట్ ముద్ర కొట్టేవాడు ఉండడు. అక్కడి అల్ అజీజియా పేటలో ఒక దుకాణం వెనక రేకుల గదిలో దాక్కుని, పాత ఏసీలు విప్పుతూ బిగిస్తూ, పోలీసు బండి చప్పుడైతే దీపం ఆర్పేస్తూ బతికాడు. కావ్య పుట్టింది. పాకింది, నడిచింది, మాటలు నేర్చింది. ఆ వార్తలన్నీ ఫోన్‌లోనే విన్నాడు. చివరికి సర్కారు ఒకసారి క్షమాభిక్ష పెడితే, దొరికిందే చాలని చేతులూపుకుంటూ ఇంటికి చేరాడు.

ఆ రోజు కావ్య, తల్లి సరళ కొంగు చాటు నుంచి తొంగి చూసింది. ఎత్తుకోబోతే రాలేదు. ఈయన ఎవరు, మన ఇంట్లో ఎందుకు కూర్చున్నాడు అన్నట్టు పైనుంచి కిందికి చూసి, "అమ్మా, ఈయన ఎప్పుడు పోతడే?" అంది. సరళ బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి నవ్వబోయి ఏడ్చింది. లింబాద్రి మాత్రం నవ్వాడు. తన అనుమానం పిల్లకు అప్పుడే అంటుకుందని మురిసిపోయినట్టు నటించాడు గానీ, ఆ మాట ఇప్పటికీ ఆయనకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

కొన్నాళ్లకు మళ్లీ సౌదీ వచ్చాడు. బతకాలి కదా. ఈసారి ఫ్రీ వీసా కాదు, యాన్బులో కంపెనీ వీసా. నెలకు జీతం, క్యాంపు, మెస్సు. దాన్ని ఆయన అదృష్టమని నమ్మాడు. ఆయన నురగ పూయకుండా నమ్మింది ఆ ఒక్కదాన్నే.

"ఫ్రీ వీసా వద్దు బిడ్డా," అన్నాడు ఫోన్‌లో. "వద్దంటే వద్దు. ఇంకో మాట లేదు."

కావ్యకు ఏమీ అర్థం కాలేదు. ఊరికే వచ్చింది తీసుకోవడం బాపుకు నామోషీ కాబోలు అనుకుంది. నచ్చచెబుదామని మరింత వివరంగా మొదలుపెట్టింది. వీసా ఒక్కటే కాదు, విమానం టికెట్ ఫ్రీ. ఉండటానికి గది ఫ్రీ. దవాఖానా ఫ్రీ. పైగా నెలనెలా స్టైపెండ్ అని వాళ్లే పైసలిస్తారు. పిల్ల ఫ్రీ అన్నప్పుడల్లా లింబాద్రి నురగలో ఒక బుడగ లేచింది.

"చదువుకునేటోళ్లకు వాళ్లే పైసలిస్తరా?"

"అవును బాపూ."

"ఎందుకు?"

పెద్ద పెద్ద ప్రొఫెసర్లు అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన కావ్య ఆ ఒక్క మాట దగ్గర నీళ్లు నమిలింది. నిజమే, ఎందుకిస్తారు? ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

"టికెట్ పెట్టి, గది ఇచ్చి, నెల పైసలిస్తమని ఆడిపిల్లల్ని తీస్కచ్చేటోళ్లను నేను చూసిన," అన్నాడు లింబాద్రి. "దవాఖాన్ల నౌకరీ అని చెప్పి తెచ్చిన్రు ఒక పిల్లను. ఇంట్ల పాచిపనికి వెట్టిన్రు. మా దుకాణం ముంగట నిలవడి ఏడిస్తె మేమే చందాలేసి ఎంబసీకి తోలినం. ఆ పిల్లకు గూడ అన్నీ ఫ్రీ అనే చెప్పిన్రు."

"ఇది యూనివర్సిటీ బాపూ!"

"బోర్డు మీద ఏమన్న రాస్కోవచ్చు."

 కావ్య మెల్లగా, నెలాఖరులోగా వస్తానో రానో రాయాలని చెప్పింది. మిగతా దేశాల్లో సీటు వచ్చినా అప్పు చేయాలి, ఇంటి మీద మళ్లీ అప్పు పెట్టనని ఆమె ఎప్పుడో అనుకుంది. ఇదొక్కటే దారి. "నీకు తెల్సిన దేశం అది. నువ్వు వద్దంటె నేను రాను. కని ఊకె వద్దనకు బాపూ. చూసి వద్దను," అంది.

ఆ మాటతో లింబాద్రి నెత్తిన బరువు పడింది. కాదంటే పిల్ల చదువు పోతుంది. అవునంటే పిల్లే పోతుందేమో.

మర్నాడు హేమసుందర్ ఇంట్లో ఏసీ బాగుచేసే పని పడింది. హేమసుందర్ యాన్బులోనే ఒక ప్లాంటులో ఇంజనీరు. కాకినాడ మనిషి, గుండ్రటి ముఖం, ఎప్పుడూ సంతోషంగా ఉంటాడు. ఆ సంతోషం మీద లింబాద్రికి మొదట్నుంచీ ఒక కన్ను ఉంది. అయినా అడగడానికి వేరే దిక్కు లేక, నిచ్చెన మీది నుంచే సంగతి చెప్పాడు.

"అక్కడ సీటొచ్చిందా? మీ అమ్మాయికా?" హేమసుందర్ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "అబ్బో, కంగ్రాట్స్ అండీ లింబాద్రి గారూ! టాప్ క్లాస్ యూనివర్సిటీ అండీ బాబూ అది. ఏవోయ్, వినపడిందా, ముందు ఈయనకి స్వీటు పట్రా!" అని లోపలున్న భార్యను కేకేశాడు.

ఆవిడ తెచ్చిచ్చిన మైసూర్‌పాక్ పట్టుకుని, ఈయనకెందుకింత ఆనందం, అనుకున్నాడు లింబాద్రి. తలకు ఇంత అని కమీషన్ గాని ఉందా? భీంగల్‌లో తనకు వీసా అంటగట్టిన ఏజెంటు కూడా ముందు మైసూర్‌పాకే పెట్టాడు.

"వీసా ఎవరి పేరు మీద అస్తది సార్?"

"యూనివర్సిటీయే స్పాన్సర్ అండి."

"అంటే కఫీలే గద."

"అంతే కదండీ. ఎవరో ఒకరు ఉండాలిగా. నాకూ ఉన్నాడు, మీకూ ఉన్నాడు."

అదిగో, కఫీల్ ఉన్నాడు. లింబాద్రి మైసూర్‌పాక్ తినకుండా కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని కిందికి దిగాడు.

ఆ సాయంత్రం కావ్యకు ఫోన్ చేసి ఒకటే పని చెప్పాడు. ఆ యూనివర్సిటీ వాళ్లను ఒక్క మాట అడగాలి. చదువు నచ్చక నడుమ ఇంటికి పోదలుచుకుంటే ఎగ్జిట్ ఎవరు కొడతారు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? సీటు ఇచ్చిన వాళ్లను ఇలాంటిది అడగడానికి కావ్య సిగ్గుతో చచ్చిపోయింది. చేరకముందే పారిపోయే దారి అడిగితే ఏమనుకుంటారు? అయినా తండ్రి కోసం నాలుగు ముక్కలు రాసి పంపింది. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు, ఇందులో అడగాల్సిందేముంది అని జవాబు వచ్చింది. అక్కడ చదువుతున్న హాజిరా అనే నంద్యాల అమ్మాయి నంబరు కూడా ఇచ్చి, ఏ సందేహమున్నా ఈమెను అడగమన్నారు.

"హాజిరక్క తోటి రోజు మాట్లాడుతున్న బాపూ. మస్తుంటదట ఆడ."

"ఏజెంట్లు గిట్లనే ఒక ఆడామెను వెడ్తరు బిడ్డా. మెడ నిండ బంగారం ఏస్కొని, నేను పోయచ్చిన, మస్తుంటది అని చెప్తుంటది," అన్నాడు లింబాద్రి.

ఈసారి, ఇంటికొచ్చి ఉన్న కావ్య చేతిలోంచి ఫోన్ సరళ లాక్కుంది. సరళ మామూలుగా ఫోన్‌లో ఎక్కువ మాట్లాడదు. బీడీల గంప ఒడిలో ఉండగా భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఊ అంటుంది, ఆ అంటుంది. ఆ రోజు గంప పక్కన పెట్టినట్టుంది.

"నేనొకటి అడుగుత, నిజం చెప్పు. ఇన్నేండ్లు ఆ దేశంల ఉన్నవ్. ఎట్లున్నవంటె బాగున్న అన్నవ్. తిన్నవా అంటె మంచిగ తిన్న అన్నవ్. ఎన్నడన్న ఆ దేశం చెడ్డదన్నవా? ఇయ్యాల పిల్ల అస్త అంటె పులిబోను లెక్క చెప్తున్నవ్. ఏది నిజం?"

లింబాద్రి ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"పిల్ల ఆడికస్తె ఏం బయటవడుతదని నీ భయం? ఆడ ఎవ్వతన్న ఉన్నదా?"

"ఏందే నీ మాటలు!"

"మరి ఏముందో చెప్పు."

ఏముందో చెప్పాలంటే ఆ రేకుల గది నుంచి చెప్పాలి. హురూబ్ సంగతి కూడా సరళకు సగమే తెలుసు. కాగితాల్లో ఏదో తప్పు పడి ఆలస్యమైందని చెప్పాడు, అంతే. లోకాన్నంతా అనుమానించే మనిషిని ఇంట్లోనే అనుమానిస్తున్నారు, అదీ ఆయన బాగున్నానని చెప్పిన అబద్ధాల వల్లనే. కోపం వచ్చింది. కోపం పోయాక ఏడుపు వచ్చింది. పోయి చూసి రావాల్సిందే అనుకున్నాడు.

వచ్చే శుక్రవారం హేమసుందర్ పెళ్లాంతో జెడ్డా పోతున్నాడని తెలిసి, దారిలో దింపమని అడిగాడు. పెట్రోలుకు పైసలిస్తానంటే హేమసుందర్ వద్దని చేతులూపాడు. అదీ ఒక బుడగే. కారులో వెనక సీట్లో తలుపు పిడి మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాడు. ఒక పక్క ఇసుక, ఇంకో పక్క అప్పుడప్పుడూ కనిపించి మాయమయ్యే సముద్రం. హేమసుందర్ భార్య పులిహోర ఇస్తే, ఆవిడ ముందు తిన్నాక తిన్నాడు. బాగుంది. బాగున్నందుకు కూడా కొంచెం అనుమానపడ్డాడు.

యూనివర్సిటీ గేటు దగ్గర దిగేసరికి ఎండ మండిపోతోంది. హేమసుందర్ తిరిగి వచ్చేటప్పుడు ఎక్కించుకుంటానని వెళ్లిపోయాడు. గేటు లోపల చక్కటి రోడ్లు, ఖర్జూరం చెట్లు, దూరంగా తెల్లటి కట్టడాలు. చాలా శుభ్రంగా ఉంది. ముందు చెప్పకుండా చూస్తేనే అసలు రంగు తెలుస్తుందని దారంతా ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. కావ్య దగ్గర ముందే తీసుకున్న నంబరుతో హాజిరాకు ఫోన్ చేసి, క్యాంపులో డెలివరీ వాళ్లు మాట్లాడే హిందీలో, "మేడమ్, పార్సిల్ హై. గేట్ పే ఆవో" అన్నాడు. మెడ నిండా బంగారం వేసుకుని ఎవరు వస్తారో చూద్దామని గోడ నీడన నిలబడ్డాడు.

బక్కపలచటి పిల్ల ఒకతి సైకిల్ మీద వచ్చింది. తలకు చున్నీ, కాళ్లకు రబ్బరు చెప్పులు, మెడలో తాడుకు వేలాడే గుర్తింపు కార్డు. మెడలో బంగారం లేదు. లింబాద్రిని చూసి ఆగింది. ఆయన చేతులు చూసింది. మంచినీళ్ల సీసా తప్ప ఏమీ లేదు.

"పార్సిల్ కహా హై?"

లింబాద్రి నీడలోంచి ముందుకొచ్చి, "పార్సిల్ లేదు బిడ్డా," అన్నాడు తెలుగులో.

ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. "ఎవరు మీరు? పార్సిల్ అని అబద్ధం చెప్పి పిలిచేదేంది? సెక్యూరిటీని పిల్చమంటారా?"

"నేను కావ్య వాళ్ల బాపును. లింబాద్రిని."

"యా కావ్య?"

"మా కావ్య."

"ఆ పాప పేరు ఎవరైనా చెప్పొచ్చు. ఆమె యా సబ్జెక్టులో వస్తాండాది?"

"నీళ్ల సదువు."

"నీళ్లల్లో ఏంది?"

లింబాద్రి తల గోక్కున్నాడు. ఏదో జల్లెడ అని చెప్పింది పిల్ల. "ఉప్పు తీసేది."

"ప్రొఫెసర్ పేరు?"

తెలియదు. హాజిరా కళ్లు చిన్నవి చేసి చూసింది. "కూతురు ఏం చదవబోతాదో తెలీదు, ఎవరి దగ్గర చదవబోతాదో తెలీదు. నాయన అంటే ఎట్ల నమ్మేది అంకుల్?" అంటూ ఫోన్ తీసింది. జీవితంలో మొదటిసారి లింబాద్రి మీదే ఎవరో నురగ పూసి చూస్తున్నారు. ఆయనకు చెమటలు పట్టాయి. కానీ లోపల ఎక్కడో ఒక చల్లటి ఊపిరి కూడా ఆడింది. ఈ పిల్ల ఊరికే నమ్మే రకం కాదు. ఈ పిల్ల దగ్గరికి నా బిడ్డ వస్తే ఫర్వాలేదు.

ఫోన్ తెర మీద కావ్య ముఖం కనిపించింది. "ఈయన ఎవరో చూడు పాపా," అని హాజిరా ఫోన్ తిప్పింది.

"బాపూ! నువ్వు ఆడున్నవేంది?"

"చూసి వద్దను అన్నవ్ గద. చూద్దామని అచ్చిన."

కావ్య నోరు తెరిచి, మూసి, పగలబడి నవ్వింది. "అక్కా, ఆయన మా బాపే. తిట్టకు. ఆయనంతే." పార్సిల్ సంగతి విని ఇంకా నవ్వింది. హాజిరా కూడా నవ్వి సైకిల్ స్టాండు వేసింది. లింబాద్రి మాత్రం నవ్వలేదు. ఆయన వచ్చిన పని ఇంకా కాలేదు.

"ఒక్కటడుగుత బిడ్డా. నీ పాస్‌పోర్టు ఎవలి దగ్గరున్నది?"

హాజిరాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. భుజాన ఉన్న సంచి తెరిచి చెయ్యి పెట్టి కలియబెట్టింది. చార్జర్ వైరు వచ్చింది, సగం తిన్న బిస్కెట్ల పొట్లం వచ్చింది, దువ్వెన వచ్చింది. అడుగు నుంచి నీలం రంగు పాస్‌పోర్టు బయటపడింది, మూల ఒకటి మడత పడి ఉంది. "మొన్న నంద్యాల నుంచి వచ్చినప్పటి సంది సంచిలోనే పడుండాది," అంటూ అందించింది.

లింబాద్రి చేతులు ప్యాంటుకు తుడుచుకుని అందుకున్నాడు. వీసా పేజీ తిప్పాడు. పోయిన ముద్ర, వచ్చిన ముద్ర, మళ్లీ పోయిన ముద్ర, మళ్లీ వచ్చిన ముద్ర. బిస్కెట్ పొడి అంటుకుని ఉంటే గోటితో తీశాడు. పాస్‌పోర్టును దువ్వెన పక్కన పడేసుకుని తిరిగే మనుషులు ఈ దేశంలో ఉంటారని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు. ఇప్పుడది ఆయన చేతిలోనే ఉంది.

"దీన్ని ఎవలిచ్చిన్రు నీకు?"

"ఎవరిచ్చేదేంది అంకుల్? నాదే కదా."

"ఇంటికి పోవాల్నంటె?"

"ఎగ్జిట్‌కు ఫోన్లోనే పెట్టుకుంటాం. పోతాం. మళ్లొస్తాం."

లింబాద్రి ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. తెర మీద నుంచి కావ్య పిలిచింది. "బాపూ, మరి నీ పాస్‌పోర్టు ఏడున్నది?"

"ఆఫీసుల ఉన్నది బిడ్డా."

"ఎందుకు?"

చదువుకునేవాళ్లకు పైసలెందుకిస్తారని తాను అడిగినప్పుడు కావ్య నీళ్లు నమిలిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. ఇప్పుడు నీళ్లు నమలడం ఆయన వంతైంది. "అందరియి ఆడనే ఉంటయ్. పోతయేమోనని."

"అడిగితె ఇస్తరా?"

"అడగలే."

"ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ?"

హాజిరా ముఖం పక్కకు తిప్పుకుని సైకిల్ గంట సవరించసాగింది. లింబాద్రికి ఆ ఎండలో సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. మెస్సు కోడికూరను అనుమానించాడు, పులిహోరను అనుమానించాడు, మంచి మనిషి పెట్టిన మైసూర్‌పాకును చీమలపాలు చేశాడు. తన పాస్‌పోర్టు పెట్టిన బీరువాను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. సెలవు ఇస్తే తీసుకుని పోయాడు, ఇవ్వని ఏడు ఊరుకున్నాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ తన చేత్తోనే దాన్ని బల్ల మీద పెట్టాడు.

"నన్ను అడగమన్నవ్ గద బాపూ," అంది కావ్య. ఆ గొంతులో నవ్వు లేదు. "నాకు సిగ్గయినా అడిగిన."

"రా బిడ్డా," అన్నాడు లింబాద్రి.  "అస్తున్న అని రాయి ఈళ్లకు. మీ అమ్మకు నేను చెప్త. అన్నీ చెప్త, మొదటి సంది."

తిరిగి వచ్చేటప్పుడు హేమసుందర్ కారులో తలుపు పిడి మీద చెయ్యి వేయలేదు. పులిహోర ఇంకా ఉందా అమ్మా అని అడిగి పెట్టించుకున్నాడు.

ఆదివారం క్యాంపు ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ కాగితాలు చూసే మస్తాన్ వలీ నెల్లూరు మనిషి, చెడ్డవాడేమీ కాదు. చెప్పిన పని చేస్తాడు, చెప్పనిది చేయడు.

"నా పాస్‌పోర్టు గావాలె."

"సెలవు పెట్టావా అన్నా?"

"లేదు."

"వేరే కంపెనీ ఏమన్నా చూసుకున్నావా? ఇంటికాడ ఏదన్నా జరిగిందా?" మస్తాన్ వలీ కుర్చీలో ముందుకు వంగాడు. "మరి ఎందుకయ్యా ఉన్నట్టుండి? ఎక్కడికి పోతావ్?"

"ఏడికి పోను. నాదే గద, అందుకు."

మస్తాన్ వలీ ఆయన్ను ఎగాదిగా చూశాడు. సీఐడీ లింబన్న ఏదో ఎత్తు వేస్తున్నాడని ఆ చూపులోనే ఉంది. రేపు రమ్మన్నాడు. లింబాద్రి కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాడు. పనికి పోవా అంటే, ఇది అయ్యాక పోతానన్నాడు. మస్తాన్ వలీ ఫోన్ తీసి పైవాళ్లతో చాలాసేపు గుసగుసలాడాడు. లింబాద్రి కుర్చీలోంచి లేవలేదు. చివరికి బీరువా తెరుచుకుంది. రబ్బరు బ్యాండు వేసిన కట్టలోంచి ఒకటి లాగి, బల్ల మీదికి జరిపాడు. లింబాద్రి అక్కడే నిలబడి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూశాడు. ఫోటోలో జుట్టంతా నల్లగా ఉన్న మనిషి ఒకడు ఆయన వంక అనుమానంగా చూస్తున్నాడు. అవును, తనదే.

సెలవులు ముగిసి చదువులు మొదలయ్యే నెలలో కావ్య జెడ్డాలో దిగింది. యూనివర్సిటీ వాళ్లు బోర్డు పట్టుకుని నిలబడ్డారు. లింబాద్రి వాళ్ల పక్కనే నిలబడి, ఆ బోర్డు మీద పిల్ల పేరు సరిగ్గా రాశారో లేదో రెండుసార్లు కూడబలుక్కుని చదివాడు. కావ్య సామాన్ల ట్రాలీ వదిలేసి వచ్చి ఆయన భుజం పట్టుకుంది.  తర్వాత ఆమె పైనుంచి కిందికి ఆయన్ను చూసింది. కొంగు చాటు నుంచి చూసిన ఆ పాత చూపే.

"బాపూ, నువ్వెప్పుడు పోతవ్ ఇంటికి?"

లింబాద్రి చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. లోపల గట్టి అట్ట చేతికి తగిలింది.

"నాకు బుద్ధి పుట్టినప్పుడు బిడ్డా," అన్నాడు.